పల్లెకు చరిత్ర యున్నదా?

హిందువులకు చరిత్రరచన తెలియదని పాశ్చాత్యపండితులు పలుమారులు నిందించియున్నారు. ఆ నింద మాపుటకై మన పెద్దలు పడిన శ్రమ సామాన్యమైనది కాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906 లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పిరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము 1910 లో వెలువడెను. పొదలలో పడియున్న శాసనములను పండితులు వెదకి, కడిగి, చదివి, అచ్చు వేయించిరి. ఆ కృషిఫలముగా నేడు మా బడిపిల్లవాడు శాతవాహనుల మొదలు విజయనగరము వఱకు రాజుల పేరులు తడబడక యొప్పగించును. కాని వానినే పిలిచి, "నాయనా, మీ యూరి చెఱువెవరు కట్టించిరి? మీ ముత్తాత యీ యూరికి ఎక్కడినుండి వచ్చెను?" అని యడిగితిమా, నోరు తెఱచి మన మొగము చూచును. వానిని నిందించి లాభము లేదు. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తర మిచ్చు పుస్తకమును మనము వానికి వ్రాసి యీయలేదు.

ఈ వ్యాసమున నేను విమర్శింప బూనినది ఒక్క గ్రంథమును కాదు. ఒక చిన్న పల్లెను గూర్చి యింతవఱకు మనలో వ్రాసిన వారు ఏయే తెఱగుల వ్రాసిరో, ఆ తెఱగులలో మంచి యెంత, లోపమెంత యని చూచుట నా యుద్దేశము. దూరపు టూరి నెన్నుకొనుటకంటె నాకు తెలిసిన సీమలోని యూరినే యుదాహరణముగా గైకొందును. అది మడకశిరకు చేరువను, అమరాపురము మండలములో, కన్నడసీమ పొలిమేరను ఆనుకొనియున్న హేమావతి.

హేమావతి నేడొక పల్లె. బస్సు దిగి చూచినవారికి కొబ్బరిచెట్లు, మట్టిదారులు, పెంకుటిండ్ల నడుమ క్రొత్తగా లేచిన మిద్దెలు, అరుగులమీద ముసలివారు కనబడుదురు. సగము మాట తెలుగు, సగము కన్నడము. వెయ్యి సంవత్సరములకు మునుపు ఇది రాజధానియని ఎవరైన చెప్పిన గాని తోచదు. ఎనిమిదవ శతాబ్ది మొదలు పదునొకండవ శతాబ్ది వఱకు నొళంబవాడి ముప్పదిరెండువేలు అను సీమ నేలిన నొళంబ పల్లవులకు ఇది ముఖ్యపట్టణము. సిద్ధేశ్వర, దొడ్డేశ్వర, విరూపాక్ష, మల్లేశ్వరాలయము లిక్కడ నున్నవి. దొడ్డేశ్వరాలయపు గోడలలో అమర్చిన రాతిజాలకములను చూచినవారు ఆ రాయి మైనము కాదని నమ్ముటకు ఒక గడియ పట్టును. ఎదుట నున్న నల్లరాతి నంది మెఱుగు నేటికిని తఱుగలేదు. సిద్ధేశ్వరాలయమున శివుడు లింగరూపమున గాక మానవరూపమున కూర్చుండియున్నాడు. ఇది శివాలయములలో అరుదైన విషయము.

ముందుగా పేరు సంగతి చూతము. శాసనములలో ఈ యూరి పేరు పెంజేరు, హెంజేరు అని కానవచ్చును. కన్నడమున పదాదియందలి పకారము కాలక్రమమున హకారమగుట భాషాశాస్త్రజ్ఞు లెఱిగిన సంగతియే. కాబట్టి పెంజేరు హెంజేరగుట సహజము. ఆ హెంజేరునకు సంస్కృతవేషము తొడిగి హేమావతి యనిరి. నేను సంస్కృతము చదివినవాడను. ఆ భాషపై నాకు గల భక్తి కొఱత లేనిది. ఐనను చెప్పక తప్పదు. చెవికింపగు ఈ బంగారుపేరు పెట్టుటతో ఊరి పాతపేరు గ్రంథములనుండి, రికార్డులనుండి జాఱిపోయినది. దానిని కాపాడినది పండితులు కారు. సిద్ధేశ్వరుని హెంజేరప్పా యని పిలిచి మ్రొక్కుకొను పామరజనులు కాపాడిరి. రాజధాని పోయెను, వంశము పోయెను, పేరు కాగితములనుండియు పోయెను. మ్రొక్కుబడి చెల్లింప వచ్చిన రైతు నోట మాత్రము ఆ పేరు నిలిచియున్నది. చరిత్రకు సాక్షులెవరో వెదకువారు ఈ యొక్క దృష్టాంతమును మఱవరాదు.

ఇక గ్రంథముల సంగతి. మన పల్లెలను గూర్చిన వ్రాతలు మూడు తెఱగులు. మొదటిది స్థలపురాణము. అందు ప్రతి యూరును ఒక ఋషి తపస్సుతోనో, ఒక దేవుని శాపవిమోచనముతోనో ఆరంభమగును. ఊరిపేరు ఏదైనను సంస్కృతవ్యుత్పత్తి దొరకును. దీనిని పరిహసించుట నేటివారికి సులభము. కాని స్థలపురాణము చేసిన మేలొకటి కలదు. తాను పుట్టిన మట్టి లోకమునకు నడిబొడ్డని పల్లెవాని నది నమ్మించినది. ఆ నమ్మికచేతనే గుడికి సున్నము పడినది, చెఱువుకట్టకు మన్ను పడినది. అందలి లోప మేమనగా, అందు దేవతలు, ఋషులు, రాజులు తప్ప ఊరివారెవరును లేరు. ఋషి తపస్సు చేయుటకు ముందక్కడ పశువులు మేపిన వాడెవడని యెవరును అడుగరు.

రెండవది కైఫియతు. కల్నలు కాలిన్ మెకంజీ (1754-1821) సర్వే పనిలో దేశమంతయు తిరిగి, కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సాయముతో ఊరూరి వృత్తాంతములను సేకరింపజేసెను. బొఱ్ఱయ్య 1803 లోనే చిన్నవయసున మరణింపగా తమ్ములు ఆ పని సాగించిరి. తరువాత బ్రౌనుదొరగారు వీనిలో పెక్కింటికి ప్రతులు వ్రాయించి శిథిలము గాకుండ కాపాడిరి. ఈ ముగ్గురు నలుగురికి తెలుగుజాతి ఋణపడియున్నది. కైఫియతులలో ముక్కంటి మహారాజు మొదలు నవాబుల యమలువఱకు కథ నడచును. ఆపైన పొలిమేరలు, చెఱువులు, కాలువలు, గుడి మాన్యములు, ఇనాములు వరుసగా వచ్చును. స్థలపురాణమువలె గాక ఇది నేలమీద నడచు రచన. ఏ చెఱువుక్రింద ఎన్ని పుట్ల భూమి సాగగునో ఇది చెప్పును. కాని చెప్పినవా రెవరు? ఎక్కువగా కరణములు. కరణము కన్నులకు ఊరనగా పొలము, పన్ను, మాన్యము. పన్ను కట్టువాని పేరు కవిలెలో నుండును. ఆ పొలమున నాగలి పట్టినవాని పేరుండదు. నాటు వేసిన స్త్రీ పేరు మొదలే యుండదు. కైఫియతు అబద్ధమాడలేదు. అడిగిన ప్రశ్నకు మాత్రమే ప్రత్యుత్తర మిచ్చినది.

మూడవది దొరతనమువారి గెజిటీరు. అనంతపురము జిల్లా 1882 లో బళ్ళారినుండి వేఱుపడినది. ఆ జిల్లా గెజిటీరును డబ్ల్యూ. ఫ్రాన్సిస్ దొరగారు 1905 లో ప్రకటించిరి. రచన చక్కనిది, తూకము తప్పనిది. వానలు, నేలలు, పంటలు, కఱవులు, రోడ్లు, న్యాయస్థానములు ఒక్కొక్క ప్రకరణమున ముచ్చటగా నమర్చి, తుది ప్రకరణమున తాలూకావారీగా ముఖ్యగ్రామముల పరిచయము చేసిరి. ఈ సీమ సంగతి వ్రాయబూనిన వారెవరైనను నేటికిని ఆ పుస్తకము తెఱవక సాగదు. ఐనను ఆ యమరికయందే ఒక దోషము కలదు. కులములు ఒక ప్రకరణమున, సేద్యము ఒక ప్రకరణమున, క్షామము ఒక ప్రకరణమున, ఊళ్ళు వేఱొక ప్రకరణమున. మనుష్యుడు ముక్కలై నాలుగు చోట్ల పడినాడు. ఒక పల్లెలో ఫలానా కులమువాడు ఫలానా కఱవునాడు ఫలానా పొలము విడిచి యెక్కడికి పోయెనో తెలిసికొనవలెనన్న, ఆ నాలుగు ప్రకరణములును కలిసి ప్రత్యుత్తర మీయజాలవు. మఱియు కోట గాని, గుడి గాని, సంత గాని లేని పల్లెకు అందు చోటే లేదు. పాడుపడిన గోడ యున్న యూరికి చరిత్ర యున్నది, నిండుగా మనుష్యులున్న యూరికి లేదు అన్నట్లయినది.

ఈ మూటితో పాటు కళావిమర్శకుల కృషిని గూడ చెప్పవలెను. సి. శివరామమూర్తిగారు మదరాసు మ్యూజియములోని నొళంబ శిల్పములను గూర్చి 1964 లో గ్రంథము వ్రాసిరి. హేమావతి శిల్పముల యందము పండితలోకమునకు తెలియుటకు అది ముఖ్యకారణము. తిరువైయారు పంచనదీశ్వరాలయ ఆవరణమున నొళంబ పనితనపు స్తంభములుండుటను చూపి, చోళులు వానిని విజయచిహ్నములుగా తరలించుకొనిపోయిరని వారు నిర్ణయించిరి. అంతకు ముందే గంగరాజు మారసింహుడు, 963 మొదలు 974 వఱకు ఏలినవాడు, నొళంబకులాంతకుడను బిరుదము తాల్చెను. వంశమును తుడిచితినని ఒకడు బిరుదము ధరించెను, వారి స్తంభములను పెఱికి మఱియొకడు తన దేశమునకు బండ్లకెత్తించెను. నవీనకాలమున మఱికొన్ని శిల్పములు మ్యూజియమునకు పోయినవి. అవి అక్కడ భద్రముగా నున్నవి, దానికి సంతోషమే. కాని మ్యూజియములో బొమ్మను చూచువాడు శిల్పమును చూచును, ఊరిని చూడడు. ఆ రాయి ఏ గుట్టనుండి తీసిరి, ఎవరు మోసిరి, అంతటి పనివారికి అన్నము పెట్టిన చెఱువు లెవ్వి యని యడుగుటకు ఆ గదిలో తావు లేదు.

అయినచో ఇతరదేశములవారు చిన్న పల్లెల చరిత్ర నెట్లు వ్రాసిరి? ఆంగ్లేయుల నుండి మనము దొరతనపు చట్టములు నేర్చితిమి, నవలలు నేర్చితిమి. వారి పల్లెచరిత్రలను మాత్రము అంతగా చదువలేదు. వారికి మొదటినుండి కొన్ని సదుపాయము లున్నవి. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథమున వేలకొలది యూళ్ళలోని నాగళ్ళు, మరలు, కాపులు లెక్కకెక్కినవి. 1538 నుండి ప్రతి చర్చియందును పుట్టుక, పెండ్లి, మరణములు వ్రాయవలెనని రాజాజ్ఞ. దానిచేత నిరుపేద కూలివాని పేరును మూడుమారులైన కాగితమున కెక్కినది. మనకో, జననమరణముల నమోదు దేశమంతట ఒక్క తీరున తప్పనిసరియైనది 1969 నాటి చట్టముతోనే.

సెల్బోర్న్ అను పల్లెలో మతాచార్యుడుగా నున్న గిల్బర్ట్ వైట్ 1789 లో తన యూరిని గూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. అది యుత్తరముల రూపమున నున్నది. అందు పిట్టల రాకపోకలు, తాబేటి నిద్ర, వానపాముల మేలు, అన్నియు కన్నులార చూచి వ్రాసిన సంగతులు. పేదలు తుంగకాడలను కొవ్వులో ముంచి దీపములుగా వాడుకొను విధమును గూర్చి వ్రాసి, దానికగు ఖర్చును గూడ ఆయన లెక్కగట్టెను. ఒక గుడిసెలోని దీపపు ఖర్చు చరిత్రయని ఆయనకు తోచుట గొప్ప సంగతి. ఐనను ఆయన ప్రేమలో ఎక్కువ పాలు పక్షులది, తక్కువ పాలు కూలివారిది. చిత్రమేమనగా ఆయన అదే సంపుటమున ఊరి పురాతనవిషయములను గూడ చేర్చియుండెను. తరువాత ముద్రించినవారు పలుమారులు ఆ భాగమును తీసివైచిరి.

నాకు అంతకంటె ఎక్కువ రుచించినది మిడిల్ అను పల్లెచరిత్ర. దాని కర్త రిచర్డ్ గఫ్, ఆ యూరి రైతు. 1700 మొదలు 1702 లోపల, ముసలితనమున, ఆయన దానిని వ్రాసెను. రాజులతో మొదలు పెట్టలేదు. తమ చర్చిలోని బల్లల పటము గీసి, ఏ బల్లమీద ఏ కుటుంబమువారు కూర్చుందురో చెప్పి, ఒక్కొక్క బల్లను పట్టుకొని ఆ యింటివారి తాతముత్తాతల కథ చెప్పుచుపోయెను. త్రాగి ఆస్తి పోగొట్టుకొన్నవాడు, దొంగతనమునకు చిక్కినవాడు, కాపురము చెడిన యిల్లాలు, మంచిగా బ్రదికి మంచిగా పోయినవాడు, అందఱును అందు కలరు. చదువుచుండగా మనము ఆ చర్చిలో వెనుకబల్లపై కూర్చుండి పక్కవాని గుసగుసలు వినుచున్నట్లుండును. నూఱేండ్లకు పైగా అది వ్రాతప్రతిగానే యుండి, 1834 లో మొదట అచ్చుపడెను. నేడు పల్లెచరిత్రలలో దానికి అగ్రస్థానము.

అందును ఒక విషయము గమనింపవలెను. చర్చిలో బల్లల వరుస యనగా ఊరిలో గౌరవపు వరుస. భూవసతి గలవారు ముందు, గుడిసెలవారు వెనుక. గఫ్ ఆ వరుసను ఖండింపలేదు. కాని దాచనులేదు. అది యెట్లున్నదో అట్లు గీసి చూపెను. గీసి చూపినంతనే చదువరికి ఆ యూరి న్యాయాన్యాయములు బోధపడును. మన కైఫియతుకు, గెజిటీరుకు లేని గుణ మిదియే.

ఇక మూడవ యుదాహరణము మనుష్యులే లేని పల్లెది. యార్క్‌షైరులో వారమ్ పెర్సీ అను నూరు సుమారు 1500 నాటికి పాడుపడెను. భూస్వాములకు మనుష్యులకంటె గొఱ్ఱెలు లాభకరమైనవి. మారిస్ బెరెస్‌ఫర్డ్ అను పండితుడు 1948 లో ఆ దిబ్బలను గుర్తించెను. తరువాత జాన్ హర్స్ట్‌తో కలిసి 1990 వఱకు, నలువది వేసవులు, అక్కడ త్రవ్వకములు సాగించిరి. రాజభవనము దొరకలేదు. పొయ్యిలు, కుండపెంకులు, గుడిసెల పునాదులు, శ్మశానమున ఆఱువందలకు పైగా అస్థిపంజరములు దొరకినవి. ఆ యెముకలనుబట్టి ఆ పల్లెవారేమి తినిరో, ఏ జబ్బుల పడిరో చెప్పగలిగిరి. గడ్డి మొలచిన యొక దిబ్బకు నలువదేండ్ల పాండిత్యమును అర్పించుట చూడగా మన కేమనిపింపవలెను? మన రెవిన్యూ లెక్కలలో బేచిరాకు గ్రామము లని కొన్ని కలవు. చిరాగనగా దీపము. దీపము పెట్టువారు లేని యూరు బేచిరాకు. ఆ మాట యెంత దుఃఖభరితము! 1876-78 నాటి మహాక్షామము మన దత్తమండలముల నెట్లు మాడ్చినదో గ్రంథములలో చదివినాము. ఏ దీపము లేల ఆఱినవో, ఆ యిండ్లవారెక్కడికి పోయిరో వెదకినవారు మనలో అరుదు. లెక్కలలో ఆ మాట మాత్రము మిగిలినది.

ఇంతవఱకు ఇతరుల లోపములు చెప్పితిని. ఇక నాది చెప్పవలెను. ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను పురికొల్పినది అదియే.

దసరా సెలవులకు తొమ్మిదవ తరగతి పిల్లలకు "మా యూరి చరిత్ర" యని వ్యాసము వ్రాసి తెమ్మంటిని. సెలవుల తరువాత నోటుపుస్తకములు వచ్చినవి. పెక్కుమంది చేతిఫోనులో దొరకిన నాలుగు వాక్యములు ఎత్తి వ్రాసిరి. కొందఱు గుడి కథ వ్రాసిరి. ఒక బాలిక మాత్రము తన యవ్వ నడిగి వ్రాసినది. ఆ పిల్ల యిల్లు ఊరి వెలుపలి వాడలో నున్నది. అవ్వ పెండ్లియై యీ యూరికి వచ్చిన క్రొత్తలో నడిమి బావి యొద్దకు ఆ వాడవారు పోరాదు. గట్టు దిగువను కడవ పెట్టుకొని నిలిచియుండవలెను. దయ గలవారు తోడి పోసిన నీరు, లేకున్న లేదు. ఒక వేసవిని మధ్యాహ్నము వఱకు నిలిచి వట్టి కడవతో తిరిగి వచ్చెనట. పిదప కొన్నాళ్ళకు వాడలోనే చేతిపంపు పడినది. మొదటి నీరు వచ్చిననాడు అందఱును టెంకాయలు కొట్టిరట. "అది మా చిన్నాయన పుట్టిన సంవత్సరము" అని ఆ పిల్ల వ్రాసినది. సంవత్సరపు సంఖ్య ఆమెకు తెలియదు.

నేను ఆ పుటపై ఎఱ్ఱసిరాతో అడ్డముగా గీత గీసి, "ఇది చరిత్ర కాదు, సొంత విషయము" అని వ్రాసితిని. గుడి కథ వ్రాసినవారికి ఎక్కువ మార్కు లిచ్చితిని. పుస్తకము తీసికొని ఆ బాలిక కొంతసేపు నిలిచి, "అయితే మా అవ్వ చెప్పింది అబద్ధమా సార్?" అని యడిగినది. ఆ గొంతులో ఎదిరింపు లేదు. తెలిసికొనవలెనను కోరిక మాత్రమే యున్నది. "అబద్ధము కాదమ్మా, కాని..." అని నేను మొదలిడితిని. ఆ కానికి తరువాత నాకు మాట దొరకలేదు. నేటికిని దొరకలేదు.

ఆ రాత్రి ఆలోచించితిని. హేమావతి స్తంభశాసనము నొళంబుల వంశమును మూడుకన్నుల పల్లవునితో మొదలు పెట్టినది. మూడుకన్నుల మనుష్యుడు లేడని మన మెఱుగుదుము. ఐనను శాసనమును పాఱవేయము. కల్పన యెంత, నిజమెంత యని వేఱుచేసి, అందు కొంత చరిత్రను తీసికొందుము. రాతిపై నున్న మూడవకంటికి అంత యోపికతో విచారణ జరిపిన నేను, కన్నులార చూచి చెప్పిన ముసలమ్మ మాటను విచారణయైన లేక కొట్టివైచితిని. స్థలపురాణకర్తను, కరణమును, దొరగారిని తప్పుపట్టు నాకు వారికంటె హెచ్చు అర్హత యెక్కడిది? వారు అడుగలేదు. నేను చెప్పినను వినలేదు.

ఇచట కొన్ని యాక్షేపణలకు సమాధానము చెప్పవలెను. ముసలివారి జ్ఞాపకము నమ్మదగినది కాదని మొదటి యాక్షేపణ. నిజమే, అది శోధింపదగినది. శాసనమును శోధింపదగినదే, కైఫియతును శోధింపదగినదే. చేతిపంపు వేసిన సంవత్సరము పంచాయతీ లెక్కలలో దొరకవచ్చును. చిన్నాయన పుట్టిన తేది బడి రిజిస్టరులో నుండును. ఆ రెండును సరిపోయినచో అవ్వమాట ఏ తామ్రశాసనమునకు తీసిపోదు.

పాతగాయములు రేపినచో ఊరిలో పొరపొచ్చములు పుట్టునని రెండవ యాక్షేపణ. ఇది మంచివారు చెప్పు మాటయే గనుక దీనికి నెమ్మదిగా ప్రత్యుత్తర మీయవలెను. బావులు, బాటలు అందఱికిని చెల్లునని మదరాసు శాసనసభ 1938 లోనే చట్టము చేసెను. ఆలయప్రవేశపు చట్టము 1947 లో వచ్చెను. రాజ్యాంగము 1950 లో అంటరానితనమును రద్దు చేసెను. దానిని నేరముగా నెంచి శిక్ష విధించు చట్టము 1955 లో వచ్చెను. ఇన్ని చట్టములు వచ్చిన పిదపను ఒక స్త్రీ వట్టి కడవతో ఇల్లు చేరెననుట ఎవరినో అవమానించుటకు కాదు. చట్టమునకును గట్టునకును నడుమ ఎంత దూరమున్నదో కొలుచుటకు. కొలువని దూరము తఱుగదు. అదియును గాక, తోడి పోసిన దయగలవా రెవరో వారి పేరులును ఆ చరిత్రలోనే యుండును. దాచివైచినచో చెడ్డతో పాటు మంచియు మఱుగుపడును.

సురవరము ప్రతాపరెడ్డిగారు 1949 లో ఆంధ్రుల సాంఘికచరిత్రను ప్రకటించి, రాజుల యుద్ధములను విడిచి జనుల తిండి, బట్ట, ఆట, పాట, ఆచారములను చరిత్రగా నిలిపిరి. 1955 లో కేంద్రసాహిత్య అకాడమీ ఆ గ్రంథమును బహుమతితో గౌరవించినది. వారు కావ్యములనుండి జాతిచరిత్రను పిండిరి. కావ్యములు చేరని పల్లెలలో, ఇంకను బ్రదికియున్నవారి నోటినుండి, ఆ పనిని కొనసాగించుట మన వంతు. అది మహాపండితుల పని కాదు. ప్రతి పల్లెలోని ఉపాధ్యాయుడును, చదువుకొన్న గృహిణియు చేయదగిన పని.

ఎట్లు చేయవలెనో నాకు తోచినది మనవి చేయుదును. గఫ్ బల్లలను పట్టుకొన్నట్లు మనము నీటిరేవులను పట్టుకొందము. ఊరి పటము గీసి అందు బావులు, చెఱువులు, కుంటలు, చేతిపంపులు, గొట్టపుబావులు గుర్తించి, ఏది ఎప్పుడు వచ్చెను, ఎవరు త్రవ్విరి, ఎవరు తోడుకొనిరి, ఎవరు దూరముగా నిలిచిరి, ఎప్పుడు ఎండెను అని వ్రాసినచో, ఆ యూరి కులము, ధనము, దయ, కలహము అన్నియు వరుసగా దిగివచ్చును. ఒక్కొక్క సంగతిని కనీసము మూడు వాడలవారి నడుగవలెను. మూడు మాటలు కలియనిచోట ఆ మూటిని గూడ వ్రాయవలెను గాని మనకు నచ్చిన దానినే యుంచరాదు. పొలముల పేరులను విడువరాదు, అందు పాత చెట్లు, పాత మనుష్యులు దాగియుందురు.

స్త్రీల నడుగుట మఱవరాదు. ప్రతి కోడలును వేఱొక యూరి చరిత్రను మూటగట్టుకొని వచ్చినదే. మా సీమలో సిరానుండి, పావగడనుండి వచ్చిన కోడండ్లు కన్నడపు జోలపాటతో తెలుగు బిడ్డలను నిద్రపుచ్చుదురు. రాష్ట్రముల పొలిమేరలు పటములో నెటులున్నను ఉయ్యాల యొద్ద అవి లేవు. ఈ సంగతి ఏ గెజిటీరును చెప్పదు. ఇంటి యాడవారు చెప్పగలరు. ఈ పత్రికను చదువు సోదరీమణులు తమ యత్తగారి నొక సాయంకాలము కూర్చుండబెట్టి అడిగి వ్రాసికొన్నచో, అదియే ఒక ప్రకరణమగును.

ఆలస్యము మాత్రము కూడదు. పారంపర్యముగా వచ్చు కరణము, మునసబు పదవులు 1984 లో రద్దయినవి. ఆ సంస్కరణము మంచిదే. కాని ఊరి సంగతులు నోటనుంచుకొన్న యొక తరము దానితో పాటు చెదరినది, ఇండ్లలోని పాత కవిలెలు చెదలపాలైనవి. పడుచువారు పనికై బెంగళూరునకు పోవుచున్నారు. జిల్లాపేరే 2022 లో మాఱినది. మడకశిర అనంతపురము వీడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. పేరులు మాఱుచుండును. అడుగవలసినవారు ఉన్నప్పుడే అడుగవలెను.

మొన్న నొక యాదివారము నేను ఆ బాలిక పల్లెకు పోయి నడిమి బావిని చూచి వచ్చితిని. చుట్టును గొట్టపుబావులు లోతుగా దిగుటచేత అది యెండి చాల కాలమైనది. లోపల చెత్త. గోడ సందున వేపమొక్క మొలచినది. ఎవరిని తోడనీయలేదో ఎవరు తోడుకొనిరో, ఇప్పు డెవరికిని ఆ బావి యక్కఱలేదు. దరిని ఆడుకొనుచున్న పిల్లలను, ఈ బావి సంగతి తెలియునా యని యడిగితిని. తెలియదనిరి. ఆ నోటుపుస్తకము లేకున్న ఇంకొక ఇరువదేండ్లకు ఆ మాట చెప్పువా రెవరు నుండరు.

మఱునాడు బాలికను పిలిచి పుస్తకము తెమ్మంటిని. ఎఱ్ఱగీత చెఱుపుటకు వీలుకాలేదు. దాని క్రిందనే, "ఇది చరిత్ర. గీత గీయుట నా తప్పు. చేతిపంపు వేసిన సంవత్సరము కనుగొని వ్రాయుము" అని వ్రాసి యిచ్చితిని. ఆమె చదివికొని, "పంచాయతీ ఆఫీసులో అడిగితే చెప్తారా సార్?" అన్నది. "ఇద్దఱము పోయి అడుగుదమమ్మా, మీ అవ్వను గూడ రమ్మనుము" అంటిని.